పదకొండో తేదీ మెయిలు

దర్జీ భార్య రక్తపరీక్ష ఫలితాన్ని ల్యాబు గుమాస్తా రెండు రోజులు కావాలనే తొక్కిపెట్టాడనీ, గోడ తగాదా కక్ష అలా తీర్చుకున్నాడనీ ఆ వీధిలో అందరూ నమ్మారు. నమ్మనివాళ్లు ఇద్దరే ఉండేవారు: గుమాస్తా భార్య, గుమాస్తా చెల్లెలు. మూడోవారం వచ్చేసరికి భార్య కూడా ఆ మాట వస్తే తల దించుకుని గిన్నెలు తోముకోసాగింది.

తగాదా మాత్రం నిజమే. దర్జీ ఇంటి కప్పు మీది వాననీళ్లు గొట్టంలోంచి నేరుగా గుమాస్తా గోడ మీద పడేవి. గోడ నాని పెచ్చులూడింది. గొట్టం తిప్పమని ఇతను, గోడే నా స్థలంలోకి వచ్చిందని అతను. రెండేళ్లుగా ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

రుజువు కూడా ఉంది. ల్యాబు పంపిన మెయిలును ఆసుపత్రివాళ్లు అచ్చుతీసి ఇస్తే, ఆ కాగితాన్ని దర్జీ తన కొట్టులోని నిలువుటద్దం మీద అంటించాడు. మెయిలు రాసిన తేదీ పదకొండు. ఆసుపత్రికి చేరినది పదమూడు, ఉదయం ఎనిమిది నలభై. బట్టల మీద గీసే సుద్దతోనే ఆ రెండు అంకెల కిందా గీతలు గీశాడు. ఆమె ప్రాణం పోయింది పదమూడు తెల్లవారకముందే. రక్తంలో పొటాషియం మితిమీరి పెరిగిందని ఆ కాగితం చెబుతోంది. ముందే తెలిసుంటే గుండె ఆగకుండా మందు ఇచ్చే వీలుండేది. కొలతల కోసం చేతులు చాపి నిలబడ్డ ప్రతివాడూ అద్దంలో తన ముఖం పక్కనే ఆ తేదీలను చదివాడు.

చెల్లెలు కంప్యూటర్లు బాగుచేసే కొట్టులో పదిహేనేళ్లుగా పనిచేస్తోంది. మనుషుల మాటకన్నా యంత్రం చూపే అంకెను ఎక్కువగా నమ్మేది. ఆ అంకెనైనా ఒకటికి రెండుసార్లు పరీక్షించాకే. ఆదివారం పొద్దున ఆమె అన్నగారింటికి వెళ్లేసరికి, అతను పెచ్చులూడిన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అన్నయ్యా, ఆ రోజు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలే? మెయిల్ కొట్టాను. కనెక్షన్ ఎర్రర్ అని వచ్చింది. మోడెమ్ తీగ పీకి, ముప్పై లెక్కపెట్టి, మళ్లీ పెట్టాను."

"తర్వాత?"

"మళ్లీ ఎర్రరే. అది మాకు మామూలేగా. కాసేపాగితే లైను వస్తుంది, దానంతటదే పోతుంది. పదిహేడు మెయిళ్లు ఔట్‌బాక్స్‌లో ఉన్నాయి. పోతాయిలే అని ఇంటికొచ్చేశా."

"ఎర్రర్ కింద ఏం రాసుందో చదివావా?"

"దాన్నెవరు చదువుతారే!"

"నేను రాసిచ్చిన సామాన్ల చీటీయే సగం చదివి వచ్చేస్తారు మీ అన్నయ్య," అంది వదిన వంటగదిలోంచి. ఒకప్పుడైతే దానికి ముగ్గురూ నవ్వేవారు.

కాసేపటికి అతనే ఇటు తిరిగాడు. గడ్డం మాసిపోయింది. "చిట్టీ, ఒకటి చెప్పనా? రిపోర్టు మీద ఆవిడ పేరు చూడగానే నాకు గోడ గుర్తొచ్చింది. ఒళ్లు మండింది. అందుకే నా చెయ్యి ఆగిందేమో. కావాలనే వదిలేసి వచ్చానేమో. అందరూ అంటుంటే నాకూ అలాగే అనిపిస్తోంది."

"నీ ఒంట్లో మంట తీగలోకి పోదు అన్నయ్యా," అంది చెల్లెలు. కానీ అతను మళ్లీ గోడవైపు తిరిగిపోయాడు.

వీధి గుమ్మందాకా సాగనంపడానికి వచ్చిన వదిన గొంతు తగ్గించి, "నిద్రమాత్రల సీసా బియ్యం డబ్బాలో దాచానమ్మా. నిన్న ఇల్లంతా వెతికారు," అంది.

మర్నాడు చెల్లెలు సెలవు పెట్టి ల్యాబుకు వెళ్లింది. ఆ కంప్యూటర్ను మెట్ల కింద పెట్టి, పైన పాత తెల్లకోటు కప్పి ఉంచారు. రక్తం తీసే ఆవిడను అక్కడ అందరూ సూదక్క అంటారు. ఆవిడ నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయింది.

"దానికేదో పట్టిందమ్మా. ఆ రోజు నుంచి నేను ముట్టుకోలేదు."

"పట్టింది దుమ్మే అక్కా. ఆ గుడ్డ ఇలా ఇవ్వండి."

ఆమె తన అలవాటు ప్రకారం ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. తీగ బాగుంది, లైను ఉంది. పాస్‌వర్డు సరైనదే, సర్వర్ పేరులో తప్పు లేదు. అయినా మెయిలు తెరవగానే ఎర్రర్ వచ్చింది. పై వాక్యం వదిలేసి, ఎవరూ చదవని కింది వాక్యాన్ని ఆమె నిదానంగా చదివింది. అవతలి సర్వర్ తన గుర్తింపుగా చూపిన సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు, అందుకే కనెక్షన్ ఇవ్వడం లేదు అని ఉంది. ఆమె కళ్లు తెర మూలకు వెళ్లాయి. అక్కడి తేదీ జనవరి ఒకటి, అదీ ఇరవయ్యేళ్ల కిందటిది.

"అక్కా, సాయంత్రం వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్చి ఆపుతారా?"

"రోజూ. మా ల్యాబు డాక్టరుగారి ఆర్డరు."

"లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోతే దీనికి తేదీ గుర్తుండదు. మరి పొద్దున్నే తేదీ ఎవరు సరిచేసేవాళ్లు?"

"మీ అన్నయ్యే. ఏళ్ల తరబడి అదే పని. కూర్చోగానే చేతి గడియారం చూసి టైము కొట్టేవాడు. గోడ చూసి తేదీ కొట్టేవాడు."

గోడకు రోజుకో కాగితం చింపే క్యాలెండరు వేలాడుతోంది.

"ఆ కాగితం ఎవరు చింపుతారు?"

"ఇంకెవరు? డాక్టరుగారే. తెల్లారి ఆయన వచ్చి కాగితం చింపితేగానీ ఇక్కడ పని మొదలవదు. వెనకవైపు లెక్కలు రాసుకుంటారు. ఒకసారి పొరపాటున నేను చింపితే వారం రోజులు నాతో మాట్లాడలేదు."

"పన్నెండో తేదీన ఆయన ఉన్నారా?"

సూదక్క ఆలోచించింది. "లేరు. ఆ ఒక్కరోజూ ఊళ్లో లేరు."

చెల్లెలు కంప్యూటర్‌లో పన్నెండో తేదీ పెట్టింది. మెయిలు తెరుచుకుంది. పదకొండు పెట్టింది, ఎర్రర్ వచ్చింది. మళ్లీ పన్నెండు పెడితే తెరుచుకుంది. ఐదుసార్లు అలాగే చేసింది, ఐదుసార్లూ అదే జవాబు. మెయిలు కంపెనీ తన సర్వర్‌కు కొత్త సర్టిఫికెట్ పెట్టుకుంది. అది చెల్లుబాటయ్యేది పన్నెండో తేదీ మొదలయ్యాకే. మామూలు రోజుల్లో తేదీ ఒకరోజు వెనకబడ్డా కొంపలేమీ మునగవు. ఆ ఒక్కరోజు మునిగింది.

ఇంతలో డాక్టరుగారు వచ్చారు. చెల్లెలు అడిగితే, చింపిన కాగితాల కట్టను విసుగ్గానే సొరుగులోంచి తీసి ఇచ్చారు. అన్నీ విడివిడిగా ఉన్నాయి. పదకొండు, పన్నెండు మాత్రం పైన జిగురుతో అతుక్కునే ఉన్నాయి. అంటే పన్నెండున రోజంతా గోడ మీద పదకొండే ఉంది. పదమూడో తేదీ ఉదయం వచ్చి రెండింటినీ ఒక్క గుంజుతో చింపారాయన. అన్న అప్పుడు సరైన తేదీ కొట్టాడు. ఔట్‌బాక్స్‌లోని పదిహేడూ ఎనిమిది నలభైకి బయల్దేరి వెళ్లాయి.

"ప్రమాదమైన అంకె వస్తే ఆసుపత్రికి ఫోను చేసేదెవరు డాక్టరుగారూ?"

"నేనే." ఆయన ఆ రెండు కాగితాలను బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశారు. "నేనే చేస్తానమ్మా. ఆ రోజు లేను."

ఆమె ల్యాబు రిజిస్టరు అడిగి తీసుకుంది. అందులోంచి ఒక్క వరుస నకలు రాసి, కింద ఆయన చేత సంతకం పెట్టించుకుంది.

మధ్యాహ్నం అన్నను లేపి, గడ్డం గీయించి, దర్జీ కొట్టుకు వెంటబెట్టుకు వెళ్లింది. పట్టుమని పాతికడుగుల దూరం కూడా లేదు. ఎదురింటి కిటికీలో ఇద్దరు ముఖాలు పెట్టారు. అన్న గుమ్మం బయటే ఆగిపోయాడు. దర్జీ మిషను ఆపలేదు.

"ఆ కాగితం తీసేయమని అడగడానికొస్తే, వచ్చిన దారినే వెళ్లండి."

"తీయొద్దు బాబాయ్. దాని పక్కన ఇంకోటి అంటించండి."

మిషను ఆగింది. దర్జీ కళ్లజోడు సర్దుకుని నకలు అందుకున్నాడు. మూరెడు గుడ్డలో అరంగుళం తేడా పట్టేసే మనిషి. అంకెలు తప్పు చదవడు. అద్దం మీది కాగితం చూశాడు, చేతిలోది చూశాడు, మళ్లీ అద్దం చూశాడు. ఆసుపత్రిలో ఆమెకు రోజూ రక్తం తీసేవారు. ఏ రోజు తీసిన రక్తం ఏ పరీక్షకు వెళ్లిందో అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

"అయితే ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోవాలి?" అన్నాడు చివరికి. గొంతులో తిట్టే శక్తి కూడా లేదు.

చెల్లెలి దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. చచ్చిన బ్యాటరీ ఉంది, చింపని కాగితం ఉంది, చేయని ఫోను ఉంది. వాటిలో ఏ ఒక్కటీ ఇతని దుఃఖాన్ని మోయగలిగేంత పెద్దది కాదు.

గుమ్మం బయటినుంచి అన్న అన్నాడు: "ముప్పై లెక్కపెట్టి ఇంటికి పోయింది నేనే. దానికి తిట్టవయ్యా, పడతాను. కక్షకట్టి ఆపానని మాత్రం అనకు."

దర్జీ లేచాడు. సూదుల డబ్బాలోంచి రెండు గుండుసూదులు తీసి, నకలును పాత కాగితానికి ఆనించి గుచ్చాడు. మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది. అతను మళ్లీ కూర్చోలేదు.

మెయిలు మీద ఉన్న తేదీ పదకొండు. రిజిస్టరులో ఆమె రక్తం తీసిన సమయం పన్నెండో తేదీ ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. గుమాస్తా తొక్కిపెట్టాడని వీధంతా చెప్పుకున్న ఆ పదకొండో తేదీన, ఆ రక్తం ఇంకా ఆమె ఒంట్లోనే ఉంది.