పెన్ను మూత

ఉదయం తొమ్మిదీ పదికి, తన జేబులోని పెన్నుకు మూత లేదని సీనియర్ మెకానికల్ ఇంజనీరు గమనించాడు. అప్పటికే రెండో టర్బైన్ బేరింగు కవరు బిగించేశారు.

ఆయన రిటైరయ్యే రోజది. సాయంత్రం ఐదింటికి గేటు దాటాలి. తొమ్మిది వారాలు విప్పి బాగుచేసిన ఆ టర్బైన్ పూర్తి వేగంతో తిరగడం ఆలోగా కళ్ళారా చూడాలని ఆయన ఆశ. పదింటికి ఆవిరి వదులుతామన్నారు.

యంత్రంలోకి తొంగిచూసేవాళ్ళు ఒంటిమీది వస్తువులన్నీ పుస్తకంలో రాయించాలి, బయటికొచ్చి కొట్టేయించాలి. ఆ పద్ధతి పెట్టింది ఆయనే. ఎనిమిదింటికి 'పెన్ను ఒకటి' అని రాయించాడు, వచ్చాక పెన్ను చూపించాడు. మూత సంగతి ఎవరూ అడగలేదు.

"కవరు విప్పండి," అన్నాడు.

ఫోర్‌మన్ స్టూలు మీద కూలబడ్డాడు. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు. ఏ పని చూపించినా "మళ్ళీ చూడండి" అంటాడని ఆయనకు మళ్ళీసారు అని పేరు పెట్టింది ఫోర్‌మనే.

"మళ్ళీ బిగించేసరికి మూడవుతుంది సార్. ఆవిరి వదిలాక పూర్తి వేగం అందుకోవడానికి ఇంకో రెండు గంటల పైనే. మీరు చూడకుండానే వెళ్ళిపోతారు. ఇంట్లో పడిందేమో, అమ్మగారిని అడగండి."

ఆయన ఫోన్ చేశాడు. ఫోర్‌మన్ స్పీకరు నొక్కాడు.

"ఇల్లంతా ఊడ్చాను, ఏ మూతా లేదు," అంది భార్య. "ముప్పై ఏళ్ళుగా ఐదింటికే బయల్దేరతానంటున్నారు. ఇవాళా రాకపోతే ఆ టర్బైన్‌తోనే కాపురం పెట్టుకోండి."

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "విప్పండి," అన్నాడు.

పన్నెండున్నరకు ఫోర్‌మన్ మోచేతిదాకా చెయ్యి పెట్టి, బేరింగుకు నూనె వెళ్ళే దారిలోంచి నీలం మూత బయటికి తీశాడు. అది అక్కడే ఉండుంటే బేరింగు మాడిపోయేది.

"దొరికాడు దొంగ!"

"మళ్ళీ చూడండి."

"ఆ పెన్నుకి ఇంకెన్ని మూతలున్నాయి సార్?"

అయినా మళ్ళీ చూశారు. పుస్తకంలో 'తప్పు ఎవరిది' అన్నచోట ఆయన తన పేరు రాసి సంతకం పెట్టాడు.

రెండూ నలభైకి ఆవిరి వదిలారు. ఐదుకు ఏడు నిమిషాల ముందు టర్బైన్ పూర్తి వేగం అందుకుంది. ఫోర్‌మన్ ఈలవేశాడు. ఆయన ఒక నాణెం తీసి బేరింగు కవరు మీద అంచున నిలబెట్టాడు. టర్బైన్ కాస్త వణికినా అది పడిపోతుంది.

పడలేదు.

"వస్తానోయ్."

"పరిగెత్తండి సార్, అమ్మగారు తలుపేసేస్తారు."

ఐదింటికి ఆయన గేటు దాటాడు. ఆరింటికి షిఫ్టు మారినప్పుడు నాణెం నిలబడే ఉంది.