రెండో మైకు

అయినా ప్లాస్టిక్ కుర్చీలకి తెల్ల గుడ్డలు తొడిగి, వెనక బంగారు రంగు రిబ్బన్లు కట్టడమేమిటి, పెళ్ళివిందా ఇది, ఎవరికి వడ్డిస్తారట, అనుకుంటూనే యేసురత్నం పాస్టరు బల్ల మీద చేతులానించి, పశ్చాత్తాపం లేని ప్రార్థన గాలికి పోయే పేలపిండి అని మొదటి మాట వదిలాడు, వదిలి ఆగాడు, ఆగక తప్పదు, పక్కన రెండో మైకు పట్టుకుని విజి నిలబడి ఉంది, ముత్తియాల్‌పేటలో బట్టల కొట్లో పనిచేసే పిల్ల, ఆయన తెలుగులో ఒక మాట చెబితే ఆమె దాన్ని అరవంలో చెప్పాలి, ఇదొక కొత్త వేషం, ఆయన పాతికేళ్ళు ఈ సంఘాన్ని ఏలిన రోజుల్లో లేదు, చిన్న బిడ్డలకి తెలుగు తెలీదయ్యా అందుకని, అన్నాడు సంఘపెద్ద పాండియన్, మొన్న స్కూటరేసుకుని నటేశన్ నగర్ ఇంటికొచ్చి, అయ్యా, ఈ ఒక్క ఆదివారం మీరొచ్చి వాక్యం చెప్పండి, బాగుంటే నెలనెలా పెట్టుకుందాం, జనం అడగతా ఉండారు అని నసిగాడు, అడగరూ మరి, రాజమండ్రి నుంచి ఊడిపడ్డ ఆ కొత్త పాస్టరు హర్షవర్ధన్ గిటారు పట్టుకుని గెంతుతుంటే చూసి చూసి మొహం మొత్తి ఉంటుంది, కుదురుగా ప్రార్థన చేయడం రాదు గానీ సెల్‌ఫోను ముందు కన్నీళ్ళు కార్చడం వచ్చు, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట, ఇవాళ కొడైకెనాల్‌లో యువజన కూటమట, చలికోట్లు తొడుక్కుని పరలోకం వెదకడానికి పోయారు, సరే మీరింతగా బతిమాలితే, అని పాండియన్ దగ్గర బెట్టు చేసి, అతని స్కూటరు సందు తిరగకముందే తెల్ల చొక్కా ఇస్త్రీకి పంపిన సంగతి వేరు, రిటైరైన దగ్గర్నుంచి తనని ఒక్క మాట చెప్పమన్నవాడు లేడు, ఇంట్లో టీవీ సౌండు తగ్గించమన్నా వినేవాడు లేడు, ఇవాళ ఇది కూడా చేజారితే ఇక నోరున్నది అన్నం తినడానికే.

ఎవరో స్తోత్రం అన్నారు, చూశావా, తిడితేనే కదులుతారు, గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు, అదిగో ముందు వరసలో వెళ్ళైయమ్మాళ్, మిల్లు మూతపడ్డాక ఇడ్లీలు అమ్ముకుని బతికిన ముసల్ది, ఏందయ్యా బో సన్నబడిపోయినారు, ఇంట్లో సోరు పెట్టడం లేదా, అని మెట్ల మీదే చెయ్యి పట్టుకుంది, దాని చేతిలో పాటల కాగితం, తెలుగు పాటే, అక్షరాలు అరవం, అరవ ఊళ్ళో పుట్టి పెరిగి తన భాష తాను చదువుకోలేని జనం, వీళ్ళకి వాక్యం చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే, సంతకి పోయినట్టు మందిరానికి వస్తున్నారు, మటన్ కొట్టు మూసేస్తాడేమోనని మీ చూపంతా గడియారం మీదే, అన్నాడు పైకి, మళ్ళీ ఆగాడు, ఆగినచోట ఊరుకోక విజి అరవం విన్నాడు, అరవం ఆయనకి రాకేం, ఆ పిల్ల చెబుతోంది కదా, సంతలో ఎన్ని పనులున్నా మీరు మందిరానికి వచ్చారు, దేవుడు మీ తొందర ఎరుగును అని, స్తోత్రం అన్నారు వెనక వరసలో, ఓహో, స్తోత్రాలు దానికా.

ఎంత పొగరు, తన బల్ల పక్కన నిలబడి తన మాటనే కడిగి ఆరేస్తోంది, చూద్దాం ఇది ఎలా చెబుతుందో అని గొంతు పెంచి, మీ ఇళ్ళలో జబ్బులు, తాగుడు, చావులు, అన్నీ మీ పాపం తెచ్చినవే, ఏడ్చి లాభం లేదు, అన్నాడు, వెళ్ళైయమ్మాళ్ మొహం ముడుచుకుపోయింది, పోయిన ఏడు కొడుకుని సమాధి చేసిన మనిషి, విజి ముసలిదాని వైపు చూసింది, మీ ఇంట్లో చావు జరిగితే అది మీ తప్పు కాదు, మీతోబాటు దేవుడూ ఏడుస్తాడు, అంది మెల్లగా, ముసలిదాని మొహం అప్పుడు విప్పారింది, మొదట ఆయన మాటకి ముడుచుకున్న మొహమే, అంటే ఆయన మాట దానికి తెలిసింది, ముందే తెలిసింది, తెలిసి ఆ పిల్ల వైపు తిరిగి కాచుకుని కూర్చుంది, అది ఒక్కతే కాదు, వరసలు వరసలే విజి వైపు తిరిగి ఉన్నాయి, ఇంట్లో తెలుగే మాట్లాడే జనం, చిన్న బిడ్డలకన్నాడు పాండియన్, బిడ్డలంతా పక్క గదిలో చప్పట్లు కొడుతూ సండే స్కూలు పాట పాడుతున్నారు, మరి ఈ అరవం ఎవరికి.

చెయ్యి అడ్డంపెట్టి విజిని ఆపేశాడు, ఇక్కడ తెలుగు రానివాళ్ళు చేతులెత్తండి అన్నాడు, ఒక్క చెయ్యీ లేవలేదు, పాండియన్ నేలచూపులు చూస్తున్నాడు, వెళ్ళైయమ్మాళ్ మోకాళ్ళ మీద చేతులూని లేచింది, తెలుగు మాకు వస్తాదయ్యా, మీరు చెప్పింది అప్పుడూ తెలిసింది, ఇప్పుడూ తెలస్తా ఉంది, ఆ పాపని చెప్పనీండి, అంది, ఇంకో గరిటె వడ్డించమన్నంత మామూలుగా అని కూర్చుంది.

వీళ్ళకి తన మాట అర్థం కావడం లేదనే కదా పాతికేళ్ళూ గొంతు చించుకున్నది, అర్థం కాకపోవడమేమిటి, ప్రతి మాటా అర్థమైంది, ప్రతి ఆదివారం ఒంటికి తగిలింది, తగిలీ వచ్చారు, దిగిపోయినవాణ్ణి మళ్ళీ పిలిచారు, ఇంట్లో ఊరికే పడి ఉన్నాడు పాపమని పిలిచారు, పిలిచి, ఈసారి దెబ్బ తమకి తగలకుండా నడుమ ఒక ఆడపిల్లని నిలబెట్టుకున్నారు.