ఆకాశం మనిషి ఆఖరి వారం

ఎగువ వీధికి నీళ్లు వదిలి, ఇనుప గొట్టాన్ని భుజాన వేసుకుని నరసయ్య రెండో వాల్వు దగ్గరికి నడుస్తున్నాడు. రోజూ ఈ నడకలోనే బీడీ ముట్టిస్తాడు. ఈ రోజు ముట్టించాడు గానీ పీల్చడం మరిచిపోయాడు. అది వేళ్ల మధ్యనే ఆరిపోయింది.

తోటకుప్పం పంచాయతీలో నీళ్లు వదిలే పని అతనిది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. గొట్టం మోసి మోసి ఒక భుజం కిందికి జారింది. అరచేతుల్లో తుప్పు రంగు ఎంత రుద్దినా పోదు. ఉప్పుగాలికి వాల్వు చక్రాలు బిగుసుకుపోతాయి. చక్రం ఊచల మధ్య గొట్టం దూర్చి, ఒంటి బరువంతా వేసి తిప్పాలి. ఆ గొట్టం ఒకప్పుడు పంచాయతీ టీవీ యాంటెనాది. అప్పుడు దాన్ని తిప్పిందీ అతనే, ఇప్పుడు దానితో తిప్పుతున్నదీ అతనే. నీ నుదుటన తిప్పుడే రాసి పెట్టినాడు దేవుడు అని భార్య కామమ్మ ఎగతాళి చేస్తుంది. ఆ హక్కు ఆమెకు ఉంది. వాళ్ల ఇల్లు పైపులైనుకు చిట్టచివర. ఊరంతా పట్టుకున్నాక అక్కడికి వచ్చేది సన్నటి ధార. ఊరికంతా నీళ్లిచ్చే మనిషి పెళ్లాం పక్క వీధిలో బిందె పట్టుకుని నిలబడుతుంది.

నీళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఈ వేళలు నరసయ్య పెళ్లికైనా మార్చడు. ఒక్క చావుకే మారుస్తాడు. శవానికి స్నానం చేయించాలి, వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవాలి కాబట్టి, ఎవరింట్లో కబురు తెలిసినా ముందు పోయి వాల్వు తిప్పుతాడు. అందుకే వేళ కాని వేళ కొళాయిలో బుసబుసమని గాలి తోసుకొచ్చిందంటే, ఆడవాళ్లు బిందె పెట్టకముందే ఎవరు పోయినారని ఒకరినొకరు అడుగుతారు.

ఆ రోజు రాకెట్టు రోజు. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరేటప్పుడు పడవలు సముద్రం మీద ఉండకూడదు. మగవాళ్లంతా ఒడ్డునే ఉన్నారు. వలల చిక్కులు తీస్తున్నట్టు కూర్చుని పేకాడుతున్నారు. నరసయ్యకు రాకెట్ల గొడవ పట్టదు. అతన్ని కుదురుగా నిలవనీయనిది వెంకటశేషమ్మ.

ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రిలో చెప్పాక, మొన్న ఆమెను నెల్లూరు నుంచి ఇంటికి తెచ్చేశారు. నిన్న సాయంత్రం ఆమె మనవరాలు స్వర్ణ నీళ్ల ట్యాంకు దగ్గరికి వచ్చి నిలబడింది. నెల్లూరులో డిగ్రీ చదివే పిల్ల. అవ్వ కోసం వచ్చింది.

"తాతా, అవ్వ నిన్ను రమ్మంటుండాది. ఆకాశం మనిషి ఆఖరి వారం ఫోన్లో దొరికినాదని నేనే నోరుజారి చెప్పినా. నువ్వు చూసి చెప్పాలంట. ఇంకెవురు చెప్పినా నమ్మదంట."

"నువ్వు చూసినావా?"

"చూసినా."

"వచ్చినాడా?"

స్వర్ణ తల అడ్డంగా ఊపింది. "రాలే తాతా. కిందికి వచ్చేదానికి నూనె లేదు. కూతురుతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉంటాడు, గొంతు సన్నబడి ఆగిపోతాది. అంతే."

అప్పటి నుంచీ నరసయ్యకు కాలు నిలవడం లేదు.

ఊరు ఆకాశం మనిషి అని పిలుచుకున్న ఆ టీవీ సీరియల్ వచ్చిన రోజుల్లో నరసయ్యకు మీసం అప్పుడే నల్లబడింది. ఊరికంతటికీ ఒకటే టీవీ, పంచాయతీ గదిలో. బొమ్మ మద్రాసు నుంచి రావాలి. గాలి మళ్లితే బొమ్మా మళ్లుతుంది. అందుకని ఒక మనిషి మిద్దె ఎక్కి గొట్టాన్ని పట్టుకుని నిలబడాలి. ఆ మనిషి నరసయ్య. కింద జనం "ఇంకొంచెం సంద్రం పక్కకి" అనో "చాల్లే, ఆడ్నే పట్టుకో" అనో అరిచేవాళ్లు. అతను ఆ సీరియల్ ఒక్క వారమూ చూడలేదు. విన్నాడు. అది కూడా కింద జనం నోట విన్నాడు.

సీరియల్ హిందీలో. ఊళ్లో ఒక్కరికీ హిందీ ముక్క రాదు. అదేమీ అడ్డం కాలేదు. ఒక మనిషి ఒంటరిగా పడవలో ఆకాశంలోకి పోయాడు, దారి తప్పాడు, ఇంటి దగ్గర పెళ్లాం బిడ్డ ఎదురుచూస్తున్నారు. సముద్రం మీద బతికేవాళ్లకు ఇంతకంటే ఏం తెలియాలి? నక్షత్రాలు గిర్రున తిరిగితే సుడిగుండం అన్నారు. ఎర్రదీపం వెలిగితే ఇంజను కాలిపోతోందన్నారు. "గాలికి ఎదురు పోబాకరా, పక్కకి తిప్పు" అని ముసలివాళ్లు టీవీకి బుద్ధి చెప్పేవాళ్లు. ఆకాశం మనిషి అన్నం తినని వారం ఆడవాళ్లు చాలామంది రాత్రి సరిగా తినలేదు. అందరికంటే గట్టిగా వినిపించేది వెంకటశేషమ్మ గొంతు. ఆమె తిట్టేది. "ఇంట్లో బిడ్డను పెట్టుకోని నీకెందుకురా అంత దూరం" అనేది. మిద్దె మీద నరసయ్యకు నవ్వాగేది కాదు.

సీరియల్ సగంలో ఉండగా ఆమె మొగుడు పోలయ్య వేటకు పోయి తిరిగి రాలేదు. ఆ పడవలో రెండో మనిషి నరసయ్యే. ఆ రోజు యాంటెనా రోజు కాబట్టి ఆగిపోయాడు. పోలయ్య ఇంకొకణ్ణి ఎక్కించుకోకుండా ఒక్కడే పోయాడు. వెతికారు. పడవ చెక్క కూడా దొరకలేదు. శవం దొరకనివాడికి గడ్డిబొమ్మ చేసి కాల్చాలి. ఆ తర్వాత పెళ్లాం బొట్టు తీయాలి. పెద్దలు వాకిట్లో కూర్చుని ఆ మాట ఎత్తితే వెంకటశేషమ్మ చంకలో బిడ్డతో బయటికి వచ్చింది. ఆకాశంలో పోయినవాడికే ఇంకా దినం పెట్టలేదు గదా, నా మొగుడికి అప్పుడే ఎందుకని అడిగింది. వేరే ఊరి పెద్దలైతే కసిరి పంపేవాళ్లు. వీళ్లు అప్పటికి ఆకాశం మనిషి కోసం అమ్మవారికి టెంకాయ కూడా కొట్టి ఉన్నారు. సరే, వాడి సంగతి తేలిందాకా ఆగుదామన్నారు.

వాడి సంగతి తేలలేదు. ఆఖరి వారం తుపానుకు స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది. నరసయ్య మాత్రం వానలో మిద్దె ఎక్కి గొట్టం పట్టుకుని నిలబడ్డాడు, ఎందుకో తనకే తెలియదు. కరెంటు వచ్చేసరికి ఆ వేళకు ఇంకేదో పాటల కార్యక్రమం వస్తోంది. సూళ్లూరుపేటలో చూసినవాళ్లను అడిగితే వచ్చినాడని ఒకడు, రాలేదని ఒకడు చెప్పారు. గడ్డిబొమ్మ మాట మళ్లీ ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పెద్దలు ఒక్కొక్కరే పోయారు. వెంకటశేషమ్మ బొట్టు మాత్రం అలాగే ఉంది.

పొద్దున చద్దన్నం ముందు కూర్చుని నరసయ్య మెతుకులు కెలుకుతుంటే కామమ్మ ఎండుచేపల గంప సర్దుకుంటూ అడిగింది.

"ఏందంత ఆలోచన? వచ్చినాడని చెప్పు. ఆ తల్లి పసుపు కుంకాలతో పోతాది."

"నన్నే ఎందుకు పిలిచినాదో తెలుసా? నరసయ్య అబద్ధం ఆడడని."

"ఆడేదానికి నీకెప్పుడన్నా అవసరం పడినాదా?" అని ఆమె గంప నెత్తిన పెట్టుకుంది. "ఇప్పుడు పడినాది. ఆడు."

అతను చెయ్యి కడుక్కున్నాడు. నిజమే చెప్పాలని వాకిట్లో అనుకున్నాడు. అబద్ధమే చెప్పాలని వీధి మలుపులో అనుకున్నాడు. మూయాల్సిన వాల్వు మూయకుండా వచ్చేశానని గుర్తొచ్చి మళ్లీ వెనక్కి పోయాడు. ఎక్కడ నిలబడ్డా ఇంకో చోట ఉండాల్సినట్టు ఉంది.

రాకెట్టు వేళకు జనమంతా ఒడ్డు వైపు పోతుంటే అతను ఎదురు నడిచి వెంకటశేషమ్మ ఇంటికి వెళ్లాడు. తలుపు ఎప్పటిలాగే దగ్గరగా వేసి ఉంది. గాలికి గొళ్లెం చిన్నగా కొట్టుకుంటోంది. ఆ ఇంటికి గొళ్లెం పెట్టగా ఊళ్లో ఎవరూ చూడలేదు. పోలయ్య ఏ అపరాత్రో వస్తే తలుపు తట్టి నిలబడాల్సిన పని ఉండకూడదని ఆమె పెట్టనిచ్చేది కాదు. ఈ మాట మీద కోడలు కామాక్షితో ఎన్నో తగాదాలు అయ్యాయి.

గొట్టాన్ని గోడకు ఆనించి అతను అరుగు మీద కూర్చున్నాడు. స్వర్ణ ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. అప్పుడు చూశాడు, మొట్టమొదటిసారి, ఆకాశం మనిషిని. ఇంత బక్కగా ఉంటాడనుకోలేదు. వెనక గోడ అట్టముక్కని నరసయ్యకు కూడా తెలిసిపోతోంది. ఎర్రదీపం సైకిలు వెనక దీపంలా ఉంది.

"కింద ఏదో రాసి ఉండాదే?"

"చూసినోళ్లు రాసింది తాతా. అట్టపెట్టె రాకెట్టని నవ్వుతుండారు. చిన్నప్పుడు భయపడి అమ్మ కొంగు పట్టుకున్నానని ఒకామె రాసింది. మా ఊళ్లో ఆ పొద్దు కరెంటు లేదు, ఇన్నాళ్లకు చూస్తుండానని ఒకాయన రాసినాడు."

"ఏ ఊరంట?"

"రాయలేదు."

చివర్లో మనిషి పెదవులు కదులుతూనే ఉన్నాయి, గొంతు వినిపించడం లేదు. కింద ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. నరసయ్యకు అది తను ఎరిగిన సీరియల్ కాదనిపించింది. ఫోను తిరిగి ఇచ్చి లోపలికి వెళ్లాడు.

వెంకటశేషమ్మ మంచంలో ఇంతేనా అన్నట్టు ఉంది. పాదాలు వాచి మెరుస్తున్నాయి. నుదుటి మీద కుంకుమ మాత్రం పెద్దది, పొద్దున కామాక్షి పెట్టింది. కళ్లు మసకబారినా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది.

"చూసినావా?"

"చూసినా అక్కా."

"చెప్పు."

నరసయ్య గోడకు చేరబడ్డాడు. నిజం నాలుక దాకా వచ్చింది. ఆమె చెయ్యి దుప్పటి మీద తెరిచి ఉంది, ఎవరో అందులో ఏదో పెట్టబోతున్నట్టు.

"వచ్చినాడక్కా."

"ఎట్టా వచ్చినాడు?"

దీనికి అతను సిద్ధపడి రాలేదు. అయినా మాటలు వాటంతట అవే వచ్చాయి. "తెల్లారేటప్పటికి పడవ ఒడ్డుకు తగిలినాది. గడ్డం పెరిగిపోయి ఉండాది. దిగితే కాళ్లు నిలవలేదు, ఇద్దరు పట్టుకున్నారు. పెళ్లాం బిందెతో నీళ్లు తెచ్చి కాళ్లు కడిగినాది. బిడ్డ గుర్తుపట్టక ఏడ్చినాది." చెబుతుంటే అతనికి కనిపిస్తున్నది ఆకాశం మనిషి కాదు. పోలయ్య. ఇన్నేళ్లూ మనసులో ఎన్నిసార్లు అతన్ని అలా ఒడ్డుకు దించుకున్నాడో తనకే లెక్క లేదు.

అప్పుడే ఒడ్డున కేక లేచింది. వెనకే దూరం నుంచి ఉరుము వచ్చింది. అలమరలో గిన్నెలు, తలుపు గొళ్లెం గలగలలాడాయి. ఊరంతా తల ఎత్తి ఏదో చూస్తోంది, నరసయ్య ఎప్పటిలాగే వింటున్నాడు.

చప్పుడు అణిగేదాకా వెంకటశేషమ్మ ఆగింది. తర్వాత అంది.

"అంత దూరం పోయినోడే వచ్చినాడు. మీ బావ పోయింది ఇదో, ఈ సంద్రంలోకే గదా. ప్రాణముంటే ఈదుకోనైనా వచ్చుండడా?"

నరసయ్య గోడ వదిలి మంచం దగ్గరికి ఒక అడుగు వేశాడు.

"ఆ ఆకాశపోడు రాకుంటే నేనింకా కాసుకోనే ఉందును. దావ దూరం, ఇద్దురూ యాడన్నా చిక్కుకోని ఉంటారులే అనుకుందును. వాడు వచ్చేసినాడు. ఇంక మీ బావ లేడు నరసయ్యా. ఆ పొద్దే పోయినాడు."

ఆమె చీర చెంగు అందుకుని, నిదానంగా, ఒకటికి రెండుసార్లు నుదురు తుడుచుకుంది. కామాక్షి "అత్తా" అంటూ చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. కాదక్కా, రాలేదు, అబద్ధం చెప్పినా అని నరసయ్య అరవబోయాడు. ఆమె బొట్టు నిలబెడదామని చెప్పిన మాటే దాన్ని తీసేసింది. కానీ ఆమె ముఖం చూశాడు. బిందెలు దించిన మనిషి ముఖంలా ఉంది. ఆ ముఖం ముందు అతను నోరు మూసుకున్నాడు.

"కామాక్షీ" అని ఆమె కళ్లు మూసుకునే పిలిచింది. "ఈ రాత్రికి గొళ్లెం పెట్టుకోండి."

నరసయ్య బయటికి వచ్చి ట్యాంకు కింద కూర్చున్నాడు. బీడీలు వరసగా ముట్టించి వరసగా పారేశాడు. ఆకాశంలో రాకెట్టు వదిలిన పొగ గాలికి వంకర తిరిగి చెదిరిపోతోంది. ఎండ ఇంకా తగ్గలేదు, నీళ్లకు ఇంకా వేళ కాలేదు. స్వర్ణ వీధి చివర వరకూ వచ్చి, అక్కడే నిలబడి అతని వైపు చూసింది. దగ్గరికి రాలేదు. అతను లేచి గొట్టం తీసుకున్నాడు.

చక్రం మొరాయించింది. గొట్టం మీద ఒళ్లంతా వాల్చి తిప్పాడు. భూమి లోపల నీళ్లు కదిలిన చప్పుడు పాదాలకు తెలిసింది. వీధి వీధినా కొళాయిలు బుసకొట్టాయి. ఆడవాళ్ల గొంతులు ఒకదాని వెనక ఒకటి లేచాయి, ఎవరని, ఎవరని.

అతను వెళ్లేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. తలాపున దీపం పెట్టారు. కామాక్షి చేతిలో కుంకుమ భరిణె ఉంది. పెట్టాలని కొందరు, వద్దని కొందరు అంటున్నారు.

"మామా, నువ్వు చెప్పు. పెట్టాలా?" అంది కామాక్షి.

స్వర్ణ తల ఎత్తి అతన్నే చూసింది. ఆకాశం మనిషి రాలేదని ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు.

"ఆమే తుడుచుకున్నాది గదమ్మా" అన్నాడు నరసయ్య. "అట్నే ఉండనీ."

చావు జరిగిన ఇంటి తలుపు ఆ రాత్రి వేయకూడదు. రెండు రెక్కలూ బార్లా తీసి, గాలికి కొట్టుకోకుండా అడ్డంగా రాళ్లు పెట్టారు. ఒక రెక్కకు గొళ్లెం, ఒక్కనాడూ పెట్టకుండానే ఉప్పుగాలికి సగం అరిగిపోయి, వేలాడుతోంది.