మూడో అధ్యాయంలో మా ఆయన పోతారట

మా అల్లుడు ఒక వారపత్రికలో పుస్తకాల పేజీ చూస్తాడు. 'తప్పక చదవాల్సిన కొత్త చరిత్రలు, జీవిత చరిత్రలు' అని పైన పెద్దక్షరాలుంటాయి. కింద అయిదు గళ్ళు, అయిదు అట్టబొమ్మలు, అయిదు సమీక్షలు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా వాళ్ళ ఎడిటర్‌కి పూనకం వస్తుందట. "పుస్తకాలన్నీ ఎప్పుడు చదువుతావు నాయనా?" అనడిగితే, "చదివితే రాయడానికి టైమెక్కడుంటుంది అత్తయ్యగారూ" అన్నాడు. ఎవరి పిచ్చి వారికానందం, నాకెందుకని ఊరుకున్నాను.

ఆ వారం పుస్తకాలు నాలుగే వచ్చాయి. కుర్చీల చరిత్ర, తుమ్ముల సామాజిక చరిత్ర, ఓడిపోవడంలో పేరుపడ్డ ఒక సేనాపతి జీవితం, ఆ సేనాపతి వంటవాడి జీవితం. అయిదో గడికి ఏమీ దొరక్క మా అల్లుడు మా ఇంట్లో తల పట్టుక్కూర్చున్నాడు. గోడమీద నా ఫొటో కనబడింది. డాబా మీద దుప్పట్లు ఆరేస్తుంటే మా అమ్మాయి తీసింది. గాలికి నా జుట్టు ఎగురుతోంది, వెనక తెల్ల దుప్పట్లు ఉబ్బి ఉన్నాయి. మావాడి కంటికి అవి తెరచాపల్లా కనబడ్డాయి. అంతే! 'కెప్టెన్ భార్య: ఏడు సముద్రాలు దాటిన స్త్రీ జీవిత చరిత్ర' అని నా ఫొటో వేసి సమీక్ష అచ్చేయించేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

నేను దాటినవి ఏమైనా ఉంటే ఇంటిముందు మురికి కాలవలు. బళ్ళ యూనిఫాంలు కుట్టే షాపులో కాజాలు కుట్టి కుట్టి కళ్ళజోడు తెచ్చుకున్నదాన్ని. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. నోట్లో నాలుక లేని మనిషి.

సమీక్షలో మా ఆయన్ని కెప్టెన్ చేసి, తుపాన్లో చంపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ గడి నింపుకోవడానికి నా మొగుణ్ణి చంపుతావుటయ్యా?" అని కడిగేశాను. "జీవిత చరిత్రన్నాక ఎవరో ఒకరు పోకపోతే జనం కొనరు అత్తయ్యగారూ" అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు.

జనం నిజంగానే ఎగబడ్డారు. పుస్తకం కావాలంటూ ప్రతి షాపులోనూ గొడవ. ఒక ప్రచురణకర్త ఇక ఆగలేక, రాసిపెట్టమని ఒక చరిత్ర ప్రొఫెసర్ని మా ఇంటికి తోలాడు. ఆయన ఆ సమీక్షని కత్తిరించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు. మా ఆయన టీ తెచ్చిచ్చారు.

"వీరెవరండీ?" అన్నాడు ప్రొఫెసరు.

"మా ఆయన."

"కుదరదండీ. ఆయన మూడో అధ్యాయంలో పోతారు."

"పోవడమేమిటండీ! మీ చేతికి టీ ఇచ్చిందెవరు?"

"చూడండమ్మా, మనుషుల జ్ఞాపకాల్ని నమ్మలేం. అచ్చులో ఉన్నదే ఆధారం. ఈయన గురించి ఎక్కడైనా అచ్చయిందా?"

ఎక్కడవుతుంది? లిఫ్టు ఆగిపోతే తిట్టుకుంటారు గానీ, నడిచిందని ఎవరు అచ్చేస్తారు? మా ఆయన "పోనీలేవే, పాపం ఆయన పని ఆయన్ని చేసుకోనీ" అని ఖాళీ కప్పులు తీసుకుని లోపలికెళ్ళిపోయారు.

పుస్తకం వచ్చింది. ఇటుకరాయంత ఉంది. మా చెల్లెలు చదివి ఫోన్ చేసి, "బావ తుపాన్లో పోయినప్పుడు ఒక్కసారైనా రాలేకపోయానే" అని గుండెలు బాదుకుంది. ఆ ఫోనెత్తింది ఆయనే. "ఊరుకోమ్మా, వచ్చినా చేసేదేముంది" అని పాపం ఓదార్చారు. పక్కింటావిడైతే నన్ను పక్కకు పిలిచి, "పోనీలెండి, ఈ వయసులో ఇంట్లో మగతోడు ఉండటం మంచిదే" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

నవ్వులాట కాదని తర్వాత అర్థమైంది. మా ఆయన ఇంట్లో చుట్టంలా మసలడం మొదలుపెట్టారు. కూర్చోబోతూ "ఇక్కడ ఎవరూ కూర్చోరుగా?" అని అడుగుతున్నారు. ఒక మధ్యాహ్నం చూద్దును కదా, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఏమైందండీ?"

"కెప్టెన్ పోయాడే."

"పోతే పోయాడు! పీడా పోయింది!"

"అలా అనకు. మంచివాడే. నీకు లోకమంతా చూపించాడు. నేనేం చూపించాను, ఆ డాబా తప్ప?"

"నేనడిగానా మిమ్మల్ని?"

"అడిగావు. పెళ్ళైన కొత్తలో. ఓడ ఎక్కాలనుందని."

నాకసలు గుర్తే లేదు. ఈ మహానుభావుడు ఇన్నేళ్ళూ దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాడా! ఎంతమంది మెచ్చుకుంటేనేం, నా మనిషి నా కళ్ళముందే చెరిగిపోతుంటే చూస్తూ కూర్చోనా? ప్రచురణకర్త నాకు అభినందన సభ పెడుతున్నాడు కదా, అక్కడే అందరి ముందూ ఈయన్ని చూపించేస్తాను, పీడ విరగడవుతుంది అనుకున్నాను.

సభలో నన్ను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. సంతకాల కోసం జనం బారులు తీరారు. తలొంచుకుని పెడుతూనే ఉన్నాను. ఒక పుస్తకం పట్టుకున్న చెయ్యి చూసి తలెత్తాను. మా ఆయన! ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరసలో నిలబడి, డబ్బిచ్చి కొన్న పుస్తకంతో.

"మీ జీవితం చాలా బాగుందండీ" అన్నారు. వెటకారమైతే బాగుండును. వెటకారం కాదు.

'మా ఆయనకి' అని రాసిచ్చాను. ఆయన అది చదువుకుని, మెల్లగా పుస్తకం నాకే తిరిగిచ్చేశారు. "ఇది నాది కాదండీ. కెప్టెన్ గారిది."

నా వల్ల కాలేదింక. మైకు లాక్కున్నాను. "ఇదుగో, ఈయనే నా మొగుడు! తాళి కట్టింది ఈయన, నాకు జ్వరమొస్తే అన్నం కలిపి పెట్టింది ఈయన. నాకు ఇంకో మొగుడెవరూ లేరు!" అని అరిచాను.

ప్రొఫెసరు నెమ్మదిగా వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "చూశారుగా! దుఃఖం మనిషిని ఎంతదాకా తీసుకెళ్తుందో. అభిమాని ముఖంలో కూడా ఆమెకు కెప్టెన్ గారే కనబడుతున్నారు. ఆ మహనీయుడి కోసం ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం."

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచారు. మా అల్లుడూ లేచాడు. మా ఆయన కూడా చేతులు కట్టుకుని తల వంచారు. నేను మాత్రం కదల్లేదు.

"లేవే, అందరూ చూస్తున్నారు," అని ఆయన నా వైపు వంగి గొణిగారు. "పోయిన మనిషికి ఆమాత్రం మర్యాద చెయ్యాలి."

నేను లేవలేదు. ఆయన చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చాను. జనం చప్పట్లు కొట్టారు.