పచ్చబొట్టు మీద గడియారం

"మీ అమ్మకు గుండెనే లేదట తేజూ. గడియారమే చెప్తున్నది" అన్నాడు యుగేందర్ కంచం ముందు కూర్చుని.

శోభారాణి అప్పుడు అతని కంచంలో జొన్నరొట్టె వేస్తోంది. వంగిన ఆమె ఎడమ చేతికి కొత్త గడియారం ఉంది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అంకె కనపడాల్సిన చోట రెండు గీతలున్నాయి. ఇంటర్ చదివే కూతురు తేజస్విని కిసుక్కున నవ్వి, తల్లి ముఖం చూసి నీళ్ల గ్లాసు అందుకుంది. మంచం మీద కూర్చున్న అత్త పోశమ్మకు మాట సరిగ్గా వినపడలేదు, అయినా కొడుకు నవ్వాడు కాబట్టి తానూ నవ్వింది. శోభారాణి కూడా నవ్వింది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు. ఈ కాపురంలో ఆమె బాగా నేర్చుకున్న పనుల్లో అదొకటి. పెనం దగ్గరికి తిరిగొచ్చి ఇంకో రొట్టె వేసేటప్పుడు మాత్రం, తన మీద తానే నవ్వినందుకు ఆమెకు సిగ్గేసింది.

అసలు ఇదంతా శోభారాణికి వచ్చిన షుగర్‌తో మొదలైంది. మార్కెట్ యార్డు ఆఫీసులో రోజంతా కూర్చుని చేసే నౌకరీ, ఇంట్లో రెండు పూటలా నిలబడి చేసే చాకిరీ, రెండూ కలిపినా డాక్టరమ్మ దృష్టిలో వ్యాయామం కాలేదు. పొద్దున్నే నడవమంది. జనగామ జూనియర్ కాలేజీ గ్రౌండులో చున్నీ నడుముకు కట్టుకుని నడుస్తుంటే ఒకరోజు రాజీ పక్కన చేరింది. మానుకోట దిక్కు గార్ల ఊరి పిల్ల, ఇక్కడి స్టేషన్‌లో కానిస్టేబులు. ఎంతసేపు నడుస్తవక్కా, జర ఉరుకు అంది. నలభైకి దగ్గర పడిన శోభారాణి, ఒళ్లంతా ఊగుతుంటే, ఎవరైనా చూస్తున్నారేమోనని తల వంచుకుని ఉరికింది. మర్నాడూ ఉరికింది. మొదటిసారి పది కిలోమీటర్లు ఆగకుండా ఉరికిన రోజు, ఆ మాట ఇంట్లో చెబుదామని నోరు తెరిచి, అంతలో పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేసి ఊరుకుంది.

నడిచినంతకాలం యుగేందర్‌కు పేచీ లేదు. ఉరకడంతోనే వచ్చింది తంటా. అతని ఎరువుల దుకాణంలో ఎవరో, మీ ఇంటామె పోలీసు నౌకరీకి తయారైతుందా ఏంది అని పరాచికమాడారట. సరిగ్గా అప్పుడే ఆమె భూపాలపల్లి సంగతి చెప్పింది. దసరా తర్వాత అక్కడ ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు ఉంది, రాజీతోపాటు తానూ పేరిచ్చింది. భూపాలపల్లి ఆమె తల్లిగారి దిక్కు. బడికి ఆలస్యమైతే పుస్తకాలు చంకన పెట్టుకుని టేకుమట్ల దారుల్లో ఉరికిన పిల్ల, పెళ్లయ్యాక బస్సు కోసం కూడా ఉరకలేదు. ఆ మట్టి మీద ఒక్కసారి, ఎవరి పనికీ కాకుండా, ఊరికే తన కోసం ఉరకాలని ఆమె ఆశ. ఇంత చిన్న ఆశను అడగడానికి కూడా ఆమెకు వారం పట్టింది.

అతను వద్దనలేదు. భార్యను వద్దనే మనిషి కాదని అతనికి బయట పేరుంది. ఉరుకుతూ కుప్పకూలిన వాళ్ల వీడియోలు ఫోన్‌లో వరసగా చూపించి, "గుండె చూసే మిషన్ కొందాం. అది సరే అంటె ఉరుకు, కాదంటె ఇంట్ల ఉండు. నేనైతె అడ్డం గాదు" అన్నాడు.

హన్మకొండ దుకాణంలో అద్దాల బల్ల మీద రెండు రకాలు పెట్టారు. ఒకటి చేతి గడియారం, అడుగున చిన్న పచ్చలైటు వెలుగుతుంది. రెండోది ఎదకు కట్టుకునే పట్టీ. ఎక్కువ దూరాలు ఉరికే వాళ్లకు పట్టీయే సరైన లెక్క చెబుతుందని దుకాణం మనిషి అన్నాడు. "ఎద కొలత ఎంత మేడం?" అని చెప్పుల సైజు అడిగినంత మామూలుగా అడిగాడు. శోభారాణికి చెవుల దాకా వేడెక్కింది. జాకెట్టు కుట్టించుకోవాలన్నా ఆది జాకెట్టు ఇచ్చి వస్తుందే తప్ప టేపు ఒంటి మీదికి రానివ్వని మనిషి. పైగా ఆ పట్టీని రోజూ కడిగి ఆరేయాలట. లోపలి బట్టల్ని చీర కింద దాచి ఆరేసే ఇంట్లో, అత్త కళ్ల ముందు దాన్నెక్కడ వేలాడదీస్తుంది? "గవి ఆటగాళ్లకు తమ్మీ, ఇంట్ల ఆడోళ్లకు గాదు" అన్నాడు యుగేందర్. నిజం చెప్పాలంటే, అతను ఆ మాట అనకముందే ఆమె వేలు గడియారం వైపు పోయింది. సిగ్గొక్కటే కాదు, దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ గడియారం పట్టా వెడల్పుగా ఉంది. పచ్చబొట్టును కప్పేస్తుంది.

పెళ్లయిన ఏడాది జాతరలో వేయించారు ఆ పచ్చబొట్టు. ఎడమ మణికట్టు మీద, అడ్డంగా, మొగుడి పేరు. పుస్తెలతాడన్నా తీసి పెడ్తరు గని గిది ఎవ్వలు తియ్యలేరని పోశమ్మ దగ్గరుండి వేయించింది. సూది దిగినప్పుడల్లా శోభారాణి పళ్లు బిగబట్టింది. తర్వాత వంతు యుగేందర్‌ది. ఆమె పేరు వేయించుకుంటానని అందరి ముందూ చెయ్యి చాపి, మొదటి పోటుకే అమ్మో అని వెనక్కి లాక్కున్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. అతని మణికట్టు మీద ఇప్పటికీ ఒక్క పచ్చచుక్క ఉంటుంది. ఆమె చేతి మీద మాత్రం అక్షరాలు ఏళ్లు గడిచేకొద్దీ అలుక్కుపోయి, లావెక్కి నల్లబడ్డాయి. ఆఫీసుకు కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకసారి అది చూసి, మా అమ్మమ్మకుంటుండె గిట్ల అంది. అప్పటి నుంచి సంతకం పెట్టేటప్పుడు కూడా ఆమె ఆ చేతిని బల్ల కిందే ఉంచుతుంది.

గడియారం మొదటి రోజు నుంచే పేచీ పెట్టింది. కూర తరుగుతుంటే నూట తొంభై అంటుంది, ఉరుకుతుంటే రెండు గీతలు చూపిస్తుంది. పట్టా బిగించింది, వదులు చేసింది, తడిగుడ్డతో తుడిచింది. గుండెలో ఏదో తేడా ఉందని ఆమెకు రూఢి అయిపోయింది. మానుకోటలో ఆడబిడ్డ ఇంట్లో వ్రతానికి వెళ్లినప్పుడు, యుగేందర్ బంతిలో కూర్చున్న వాళ్ల ముందు ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తి చూపించాడు. ఉరకకముందే గింత కొట్టుకుంటున్నది, ఈమె ఇరవై ఒక్కటి ఉరుకుతదట అన్నాడు. ఆ చెయ్యి ఒకరి తర్వాత ఒకరు తిప్పి చూశారు. ఒకాయన ఆడోళ్లు ఉరికితే గర్భసంచి జారుతుందని కూడా సెలవిచ్చాడు. ఇంకో చేతిలో సాంబారు గిన్నెతో ఆమె అలాగే నిలబడింది. నీకెట్లుందమ్మా అని ఒక్కరూ అడగలేదు. తిరుగుదారిలో, ఇగ బందువెట్టు శోభా, ఇజ్జత్ పోతున్నది అన్నాడతను. ఆమె తలూపింది.

పేరు తీసేయించమని చెప్పడానికే మర్నాడు గ్రౌండుకు వెళ్లింది. రాజీ ఆ మాట సగమే విని, "ఒక్క చుట్టు కొట్టిరా" అంది. కొట్టి వచ్చాక ఆమె మెడ మీద రెండు వేళ్లు పెట్టి, ఫోన్‌లో సెకన్లు చూస్తూ లెక్కపెట్టింది. గుండె గట్టిగా, ఒక్క తీరుగా కొట్టుకుంటోంది. గడియారంలో మాత్రం రెండు గీతలే. రాజీ గడియారం విప్పింది. శోభారాణి గబుక్కున కుడిచెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ, ఆ పిల్ల అప్పటికే చూసేసింది.

"దీని మీదనా అక్కా పెట్టుకుంటున్నవు? ఆ లైటు తోలు లోపలికి పోయి నెత్తురును చూడాలె. పచ్చబొట్టు రంగు దాన్ని పోనియ్యది."

అంటూ తన మణికట్టు తిప్పి చూపించింది. చిన్నప్పుడు గార్లలో వేయించుకున్న పచ్చబొట్టు, రాజీ అని తన పేరే. తనకూ ఇట్లాగే అయ్యిందని, అందుకే ఎదకు పట్టీ కట్టుకుంటానని చెప్పింది. శోభారాణి కుడిచేతి గాజుల్ని పైకి తోసి గడియారం అక్కడ పెట్టింది. కాసేపటికి అంకె వచ్చింది. మెడ దగ్గర వేళ్లు ఎంత చెప్పాయో అంతే.

అసలు సిగ్గు ఆమెకు అప్పుడొచ్చింది. పచ్చబొట్టు కనపడినందుకు కాదు. పప్పు మాడితే తన తప్పు, పిల్లకు మార్కులు తగ్గితే తన తప్పు, ఆఫీసులో సారు ఎక్కడో పెట్టి మరిచిన ఫైలు దొరక్కపోతే అదీ తన తప్పే అనుకునే అలవాటు ఎంత లోతుకు దిగిందంటే, గడియారానికీ తనకూ తేడా వస్తే తన గుండెనే తప్పుపట్టుకుంది. గడియారం అబద్ధం చెబుతోందేమోనని ఇంట్లో ఎవరికీ తోచలేదు సరే, తనకెందుకు తోచలేదు? కొట్టుకుంటున్నది తన లోపల. మెడ మీద రెండు వేళ్లు పెట్టుకోవడానికి ఎవరి సెలవు కావాలి? అందరూ చెయ్యి తిప్పి చూస్తుంటే దొంగలా నిలబడింది కదా! ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది. రాజీ ముందు దాచుకోకుండానే ఏడ్చింది.

ఇంటికొచ్చి అందరికీ చాయ్ పోసి, తేజస్వినిని పిలిచి కుట్టుమిషన్ మీది టేపు తెమ్మంది. నడిమింట్లోనే నిలబడి చేతులెత్తింది. ఆ పిల్ల కొలిచి, గొంతు తగ్గించి అంకె చెప్పింది. శోభారాణి దుకాణానికి ఫోన్ చేసింది. "ఎదకు కట్టుకునే పట్టీ కావాలె. కొలత ముప్పై ఎనిమిది" అంది. సిగ్గు పోలేదు, చెవులు అప్పటిలాగే వేడెక్కాయి. గొంతు మాత్రం తగ్గించలేదు. గింత సిగ్గులేకుంట ఏందే అని పోశమ్మ మంచం మీది నుంచి లేచి కూర్చుంది.

యుగేందర్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "బందువెడ్తనంటివి గద. గుండె మంచిగ లేదని గడియారం చెప్పనే చెప్పె."

"గుండె మంచిగనే ఉన్నది. మీ పేరు అడ్డమొచ్చింది" అంది శోభారాణి, మణికట్టు అతని ముందు పెట్టి. లైటు సంగతి, రంగు సంగతి, పిల్లకు పాఠం చెప్పినట్టు విడమర్చి చెప్పింది. అతను ఆ అక్షరాలను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

ఆమె గడియారం విప్పి అతని కప్పు పక్కన పెట్టింది.

"గిది మీరు పెట్టుకోండ్రి. మీ చేతికి ఒక్క చుక్కనే గద, మంచిగ సదువుతది."