నోనా పెళ్ళికి తమలపాకులు

తమలపాకు ఈనె తీసి, సున్నం రాసి, వక్కపలుకు పెట్టి, చిలక చుట్టి లవంగం గుచ్చడం నా కూతురు లియొనోరాకి నేనే నేర్పాను. పన్నెండేళ్ళ పిల్ల. చేతిలో పనితనం ఉంటే బజారులో అమ్మేయరని, డచ్చి దొరల బటావియా పట్నంలో ఇరవై ఏళ్ళు బానిసగా బతికి సంపాదించిన తెలివి అది. అదెంత తెలివితక్కువతనమో ఇప్పుడు తెలిసింది.

ఇంటి అమ్మాయి కొర్నేలియాకి, మేం నోనా అని పిలిచే చిన్న దొరసానికి, పెళ్ళి కుదిరింది. పెళ్ళయిన పదో రోజున మొగుడితో దూరాన ఉన్న అంబోన్ దీవికి ఓడెక్కుతుంది. పుట్టింటివాళ్ళు వెంట ఒక పనిపిల్లని కానుకగా పంపడం ఆనవాయితీ. వరండాలో కూర్చుని చిలక నములుతూ నోనా తేల్చేసింది.

"నాకు లియొనోరా కావాలి. ఇంత కుదురుగా ఇంకెవరు చుడతారు? ఏం దోరిందా, మొహం అలా పెట్టావు? నీ పాలు తాగి పెరిగినదాన్ని, నీ కూతుర్ని పరాయిదానిలా చూస్తానా? చెల్లెల్లా చూసుకుంటాను."

చెల్లెలే. దొర ముక్కు ఇద్దరి ముఖాల మీదా ఉంది. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనరు.

"అదృష్టం పట్టింది పిల్లకి. మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టమను," అన్నారు అమ్మగారు.

దొర పోయాక ఈ ఇంట్లో ఉన్నది ఆడవాళ్ళే. కానీ పెళ్ళికొడుకు నా కూతురి వైపు చూసిన చూపు నాకు తెలుసు. దొర నన్ను చూసిన అలాంటి చూపుకే అది పుట్టింది.

నోనా మీద నాకు ప్రేమ లేదంటే అబద్ధం. జ్వరమొస్తే నా ఒళ్ళో తప్ప పడుకునేది కాదు. ఆమెకి నా పాలు పట్టించి, నా మొదటి బిడ్డకి గంజి పోశారు. వాడు దక్కలేదు. అయినా ఆమె నవ్వితే నాకూ నవ్వొస్తుంది. వాళ్ళు కొన్నది నా ఒంటినే, మనసు ఊరికే వాళ్ళ వెంట పోయింది. నాకు ఎక్కువ ఏడుపొచ్చేది దానికే.

పెళ్ళికి ముందు ఆదివారం, చర్చి అవగానే చుట్టాల ఆడవాళ్ళంతా ఇంటికొచ్చారు. లియొనోరా చిలకలు చుట్టి తట్ట నింపి, గొడుగులు సర్దడానికి వెళ్ళింది. నోనా కోసం అది విడిగా పెట్టిన చిలకలు నేను విప్పి, నాలుగింతలు సున్నం పట్టించి మళ్ళీ చుట్టాను.

నోనా నోరు పొక్కిపోయింది. "దిక్కుమాలినదానా, పెళ్ళికూతురి నోరు కాలుస్తావే!" అంటూ అమ్మగారు బెత్తం తెప్పించారు. పెరట్లో నా కూతురు అరుస్తుంటే, నేను గదిలో నోనా తల ఒళ్ళో పెట్టుకుని కొబ్బరిపాలు పుక్కిలింపించాను.

"ఆ పిల్ల నాకొద్దు," అంది నోనా. పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతలోనే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు రా దోరిందా. నువ్వు లేకుండా అక్కడ నేనెలా ఉంటాను?" చిన్నప్పటిలాగే గారంగా అడిగింది. అమ్మగారు వెంటనే సరేనన్నారు.

పెరట్లో లియొనోరా బోర్లా పడుకుని ఉంది. వీపుకి కొబ్బరినూనె, పసుపు రాస్తూ నా ప్రయాణం సంగతి చెప్పాను.

"నేను సరిగ్గానే రాశానమ్మా సున్నం. నీ మీద ఒట్టు," అంది.

తప్పు తనది కాదని దానికి తెలిస్తే దాచుకోలేదు. ఎక్కడో నోరు జారుతుంది. అప్పుడు ఓడెక్కేది అదే. తెలియకపోతే, అమ్మని చేజేతులా పోగొట్టుకున్నానని బతికినన్నాళ్ళూ ఏడుస్తుంది.

"లేదు," అన్నాను. "నువ్వే ఎక్కువ రాశావు."