పన్నెండు సార్లు ఎగిరిన జీను

నేను ఒక జీనును. గుర్రం వీపు మీద వేసి బిగిస్తారే, ఆ తోలు జీనును. మా వాళ్లందరూ గుర్రంతో నడుస్తారు, పరుగెత్తుతారు. నేను ఒక్క వేసవిలో పన్నెండు సార్లు గాల్లోకి ఎగిరాను! ఎగిరిన ప్రతిసారీ నా మీద కూర్చున్నవాళ్లు ఇసకలో పడ్డారు, నేను పడలేదు. ఆ గొప్ప చెప్పుకుందామనే నోరు విప్పాను. చివరికి ఎంత గొప్ప మిగులుతుందో మీరే చూడండి.

కాన్పూరులో గేదె తోలుతో పుట్టాను. నన్ను కుట్టిన ముసలాయన ఒక మేజరుగారి గుర్రానికి కొలత తీసుకున్నాడు. ఆ గుర్రం మరీ సన్నం, అందుకని నా లోపలి చెక్క చట్రాన్ని ఇరుకుగా బిగించాడు. కొన్నేళ్లకు మేజరుగారి పొట్ట పెరిగింది, సవారీ తగ్గింది. నేను సికింద్రాబాదులో ఒక ఫోటో స్టూడియోకు చేరి, అక్కడి చెక్కగుర్రం మీద కూర్చున్నాను. బుగ్గన చుక్క పెట్టుకుని పిల్లలు వచ్చేవారు, నా మీదెక్కి ఏడ్చేవారు, ఫోటోలో మాత్రం నవ్వేవారు. పదిహేనేళ్లలో ఆ చెక్కగుర్రం నన్ను ఒక్క మాట అనలేదు. దాంతో ఏ వీపుకైనా నేను సరిపోతానని గట్టిగా నమ్మేశాను.

స్టూడియో మూసేశాక శామీర్‌పేట దగ్గర గుర్రపుసవారీ నేర్పే చోటికి వచ్చాను. అక్కడ నేర్పేది ఇందుమతి గారు. వయసు యాభై, గొంతు పరేడ్ మైదానం మొత్తానికి సరిపోతుంది. ఒకరోజు ఆమె రోడ్డు పక్కన కుంటుతున్న తెల్లగుర్రాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. పేరు షర్బత్. బారాతుల్లో పెళ్లికొడుకుల్ని మోసి, బ్యాండు మోతకు చిందులేసి, ఎముకలు తేలిపోయిన గుర్రం. కాలు నయం కాగానే నన్ను దాని వీపున వేశారు. చక్కగా సరిపోయాను. పొమ్మంటే పోయింది, ఆగమంటే ఆగింది. అంతా నా చలవే అనుకున్నాను.

ఉలవలు, పచ్చగడ్డి, అప్పుడప్పుడు బెల్లం తిని షర్బత్ రెండు నెలల్లో గుండ్రంగా తయారైంది. సరిగ్గా అప్పుడే మొదలుపెట్టింది ఎగరడం. చెవులు వెనక్కి, తల కిందికి, వెనక కాళ్లు ఆకాశానికి! అబ్బ, ఆ ఊపు ఏమని చెప్పను! మొదట ఒక కంప్యూటర్ ఉద్యోగి పడ్డాడు. తర్వాత ఒక డాక్టరుగారు గాల్లో ఉండగానే "ఏం కాలేదు, ఏం కాలేదు" అన్నారు, కింద పడ్డాక మాట మార్చారు.

"తిండెక్కువై పొగరొచ్చిందమ్మా. దాణా తగ్గించాలె," అన్నాడు గుర్రాల్ని చూసుకునే ఖాజామియా. తగ్గించాడు కూడా. నేనూ సరేనన్నాను, నన్నెవరూ అడక్కపోయినా.

పదకొండో మనిషి పడ్డాక యజమాని కోదండం గారు వచ్చారు. "ఆదివారం నా ముందట మీరే ఎక్కి చూపెట్టుండ్రి మేడమ్. ఈసారి గూడ ఎగిరిందంటే మల్ల బ్యాండోళ్లకే ఇచ్చేస్త. ఆళ్లు రోజు ఫోన్ జేస్తున్నరు," అన్నారు. ఇందుమతి గారు గుర్రం దగ్గరికి నడిచింది. దాని మెడకు నుదురు ఆనించి నిలబడింది. ఆమెకు భయం వేసిందని మేకుకు వేలాడుతున్న నాకు కూడా తెలిసింది.

మర్నాడు నన్ను పక్కనపెట్టి, పొడవాటి తాడుతో పని మొదలుపెట్టింది. షర్బత్‌కు లోకంలో అన్నిటి మీదా ఆసక్తే: మేక, ఎగిరే ప్లాస్టిక్ కవరు, దూరంగా పోయే ఆటో. ఇందుమతి గారు గొంతు పెంచలేదు. దాని చూపు పక్కకు పోబోయే ముందే ఏదో ఒకటి అడిగేది. ఇటు తిరుగు, ఆగు, ఒక్క అడుగు వెనక్కి వెయ్యి, ఈ కర్ర దాటు. ఒక్క చెవి ఆమె వైపు తిరిగితే చాలు, తాడు వదులు చేసి "శాబాష్ బిడ్డా" అనేది. బుధవారానికి ఒక చెవి వచ్చింది, గురువారానికి రెండూ వచ్చాయి.

"మా ఇంట్ల నా మాట గింత మంచిగ ఎవ్వలు ఇనరు," అన్నాడు ఖాజామియా.

శుక్రవారం నన్ను బిగించారు. రెండో చుట్టులో ఇందుమతి గారు ఇసకలో ఉంది. మోచేయి గీరుకుపోయినా లేచి వచ్చి, నన్ను తనే విప్పి, గుర్రం వీపు చూసి ఆగిపోయింది. వీపంతా చెమటతో తడిసింది. మూపుకు అటూ ఇటూ మాత్రం అరచేయంత మేర రెండు పొడి మచ్చలు.

"మియా, గిక్కడ చెమట ఎందుకు పట్టలే?"

ఖాజామియా అక్కడ వేలితో నొక్కాడు. షర్బత్ విలవిల్లాడింది. ఇందుమతి గారు నన్ను ఊరికే దాని మీద పెట్టి, నా కింద వేళ్లు దూర్చబోయింది. ఒక్క వేలు కూడా దూరలేదు.

"బక్కగున్నప్పుడు సరిపోయింది మియా. ఇప్పుడు వాడు ఒళ్లు చేసిండు, గీ జీను పట్కారు లెక్క నొక్కుతుంది, గందుకే గక్కడ చెమట గూడ పట్టలే. వాడు చెప్తనే ఉన్నడు, మనమే పొగరంటున్నం."

"తౌబా తౌబా! నేను తిండి గూడ కోసిన గదమ్మా!" అంటూ ఖాజామియా దాణా బకెట్ కోసం పరుగెత్తాడు.

నాకు పరుగెత్తడానికి కాళ్లు కూడా లేవు. ప్రతాపమనుకుని మురిసిపోయిన పన్నెండు సార్లూ ఆ మూగజీవి నొప్పితో అరిచిందన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదివారం ఉదయం కోదండం గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇందుమతి గారు మెత్తటి కంబళి మడతపెట్టి వేసి, నొప్పి ఉన్నచోటు వదిలి కాస్త వెనగ్గా కూర్చుంది. నేను కంచె మీద ఉన్నాను. అంతా బాగా నడుస్తుండగా గోడ అవతల రోడ్డు మీదకు పెళ్లి బారాతు వచ్చింది, పూర్తి బ్యాండుతో! షర్బత్ మెడ వంచింది, ముందు కాలు ఎత్తింది, చిందు మొదలుపెట్టింది. కోదండం గారు కుర్చీలోంచి లేచారు. నా కుట్లన్నీ బిగుసుకున్నాయి.

ఇందుమతి గారు కళ్లెం గుంజలేదు. మెల్లగా కర్రల వైపు తిప్పింది. ఒకటి దాటించింది, చిన్న చుట్టు తిప్పింది, ఆపింది, ఒక్క అడుగు వెనక్కి వేయించింది. ఒక చెవి ఆమె వైపు తిరిగింది. కాసేపటికి రెండోదీ తిరిగింది. బయట పాట మీద పాట మోగుతోంది, లోపల షర్బత్ కర్ర మీద కర్ర దాటుతోంది. వెనక కాళ్లు ఒక్కసారి కూడా పైకి లేవలేదు.

కోదండం గారు కూర్చున్నారు. "బ్యాండోళ్లకు నేనే చెప్త, గుర్రం ఇయ్యనని," అన్నారు. ఇందుమతి గారు గుర్రం మెడ కావలించుకుని ఏడ్చేసింది.

తిరిగి వస్తూ షర్బత్ కంచె మీద నన్ను చూసి, ఠక్కున నాలుగు అడుగులు వెనక్కి వేసింది. "లేదు బిడ్డా, ఇగ దాన్ని ఎయ్యం," అని ఇందుమతి గారు నా మీద గోనెసంచి కప్పేసింది. చీకటైపోయింది. అయినా చెవులారా వింటున్నాను: దౌడు తీస్తున్న డెక్కల చప్పుడు, వీపు మీద ఇందుమతి గారి నవ్వు. నేను లేకుండానే ఇంత హాయిగా ఉన్నారని తెలిసి, గోనెసంచి కింద ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను.